శ్రోతను బట్టి మాట: మొదటి గ్రెగరీ పోపు జీవితం, వారసత్వం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

క్రీ.శ. 590 నుంచి 604 వరకు రోము పీఠాన్ని అధిష్ఠించిన మొదటి గ్రెగరీ, చరిత్రలో 'మహా గ్రెగరీ'గా ప్రసిద్ధుడు. ఆయన పేరు వినగానే గుర్తుకొచ్చేవి గ్రెగోరియన్ గానం, చెవిలో స్వరాలు చెప్పే పావురం, సంతలో కనిపించిన ఆంగ్ల బాలుర కథ. ఇవన్నీ ఆయన మరణానంతరం రూపుదిద్దుకున్నవే. గ్రెగరీ స్వయంగా రాసిన గ్రంథాల్లోనూ లేఖల్లోనూ కనిపించే ప్రధాన సూత్రం వేరు: ఒకే బోధ అందరికీ ఒకే విధంగా చెప్పకూడదు, శ్రోత స్థితిని బట్టి మాట మారాలి. ఈ సూత్రం ఆయన రచనల్లో ఎలా ఏర్పడిందో, పాలనలో ఎలా పనిచేసిందో, ఎక్కడ అన్యాయానికి తోడ్పడిందో పరిశీలించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

కీలకపదాలు: మొదటి గ్రెగరీ, రెగులా పాస్టొరాలిస్, శ్రోతృభేదం, లేఖాసాహిత్యం, పునీత చరిత్రలు, మగ్దలేన మరియ, బీడ్.

1. ప్రవేశిక

మధ్యయుగపు ప్రముఖుల గురించి రెండు రకాల ఆధారాలు లభిస్తాయి. ఒకటి, వాళ్లు రాసినవి. రెండు, వాళ్ల మీద ఇతరులు రాసినవి. చాలామంది విషయంలో మొదటి రకం అత్యల్పం. తరవాతి తరాల భక్తి రచించిన చరిత్రే మిగులుతుంది. గ్రెగరీ విషయంలో రెండూ పుష్కలంగా ఉన్నాయి. ఆయన లేఖలు సుమారు 850 మిగిలాయి. యోబు గ్రంథానికి 35 భాగాల బృహద్వ్యాఖ్య, సువార్తల మీద 40 ప్రసంగాలు, యెహెజ్కేలు ప్రవచనాల మీద ప్రసంగాలు, కాపరుల విధులను చెప్పే 'రెగులా పాస్టొరాలిస్', ఇటలీ పునీతుల కథలు చెప్పే 'డయలాగ్స్' కూడా ఉన్నాయి. మరోవైపు, ఆయన చనిపోయిన మూడు శతాబ్దాల్లోనే ఇంగ్లండులోనూ ఇటలీలోనూ ఆయన చరిత్రలు వెలువడ్డాయి.

కాబట్టి రాసిన గ్రెగరీని, రాయబడిన గ్రెగరీని పక్కపక్కన పెట్టి చూడటానికి అవకాశం ఉంది. అలా చూసినప్పుడు రెండో గ్రెగరీ మొదటి గ్రెగరీని ఎంతగా కప్పివేశాడో తెలుస్తుంది. కప్పబడినది ఆయన గొప్పతనం మాత్రమే కాదు, ఆయన మీద వేయవలసిన ప్రశ్నలు కూడా.

2. జీవితరేఖ

గ్రెగరీ సుమారు 540లో రోములోని సంపన్న సెనేటరు కుటుంబంలో పుట్టాడు. తండ్రి గోర్డియానస్, తల్లి సిల్వియా. మూడో ఫెలిక్స్ పోపు ఈ వంశానికి పూర్వికుడు. ఆయన బాల్యం నాటికి జస్టీనియన్ చక్రవర్తి సేనలకు, గోతులకు మధ్య సాగిన దీర్ఘ యుద్ధం ఇటలీని ఛిద్రం చేసింది. 568లో లంగోబార్దులు ఉత్తరం నుంచి ప్రవేశించారు. పూర్వవైభవం శిథిలాలుగా మిగిలిన ఆ నగరంలో గ్రెగరీ సుమారు 573 నాటికి ప్రిఫెక్టుగా పనిచేశాడు. ఆ తరవాత పదవిని వదిలి, కేలియన్ కొండమీది సొంత ఇంటిని పునీత ఆంద్రెయ పేర మఠంగా మార్చి సన్యసించాడు. సిసిలీలోని కుటుంబ భూముల్లో మరో ఆరు మఠాలు స్థాపించాడు.

మఠజీవితం ఎక్కువ కాలం సాగలేదు. రెండో పెలాజియస్ పోపు 579లో ఆయనను కాన్‌స్టాంటినోపుల్‌కు ప్రతినిధిగా పంపాడు. అక్కడ ఆరేడేళ్లు ఉన్నా ఆయన గ్రీకు నేర్చుకోలేదు. సహచర సన్యాసుల కోసం యోబు గ్రంథ వ్యాఖ్యానం మొదలుపెట్టింది అక్కడే. 589లో టైబరు నదికి వరద వచ్చింది. ఆ వెంటనే ప్లేగు వ్యాపించి 590 తొలి నెలల్లో పెలాజియస్‌ను బలిగొన్నది. ప్రజలు, మతాధికారులు గ్రెగరీని ఎన్నుకున్నారు. 590 సెప్టెంబరు 3న ఆయన అభిషిక్తుడయ్యాడు. 604 మార్చి 12న మరణించాడు.

ఈ పద్నాలుగేళ్లలో ఆయన పని సగం మతాచార్యుడిది, సగం నగర పాలకుడిది. లంగోబార్దు రాజు అగిలుల్ఫు 593లో రోము మీదికి వచ్చినప్పుడు యెహెజ్కేలు ప్రసంగాలను మధ్యలో ఆపవలసి వచ్చింది. ధాన్యం సరఫరా, సైనికుల జీతాలు, శత్రువుతో సంధి, ఇవన్నీ పీఠం మీద పడ్డాయి. కీళ్లవాతంతో మంచం పట్టిన రోజుల్లోనూ ఆయన లేఖలు చెప్పి రాయిస్తూనే ఉన్నాడు.

3. కాపరి గ్రంథం: శ్రోతృభేద సిద్ధాంతం

పీఠమెక్కిన తొలి నెలల్లోనే పూర్తయిన 'రెగులా పాస్టొరాలిస్' గ్రెగరీ ఆలోచనకు మూలస్తంభం. ఆ పదవి బరువు నుంచి తప్పించుకోవాలని ఎందుకు చూశావని యోహాను అనే బిషప్ మందలిస్తే, దానికి సమాధానంగా రాసిన గ్రంథమిది. నాలుగు భాగాలు. ఎవరు కాపరి కాదగినవారు, ఎలా జీవించాలి, ఎలా బోధించాలి, బోధించిన తరవాత తన్ను తాను ఎలా అదుపులో ఉంచుకోవాలి అన్నది క్రమం. వీటిలో 40 అధ్యాయాల మూడో భాగమే అతిపెద్దది. అంటే గ్రంథంలో సింహభాగం 'ఎలా చెప్పాలి' అన్న ప్రశ్నకే దక్కింది.

ఈ భాగం జంటలతో నడుస్తుంది. పురుషులు–స్త్రీలు, చిన్నవారు–పెద్దవారు, పేదలు–ధనికులు, సంతోషులు–దుఃఖితులు, సేవకులు–యజమానులు, తెలివైనవారు–మందబుద్ధులు: ప్రతి జంటలోనూ ఇద్దరికీ ఒకే ఉపదేశం పనికిరాదంటాడు గ్రెగరీ. ఒకరికి మందైనది మరొకరికి హాని చేస్తుంది. బలవంతుడికి శక్తినిచ్చే రొట్టె పసిబిడ్డ ప్రాణం తీస్తుందని, గుర్రాన్ని శాంతింపజేసే ఈల కుక్కపిల్లను రెచ్చగొడుతుందని ఆయన ఉపమానాలు. వాద్యకారుడు తీగలన్నిటినీ ఒకే మీటుతో మోగించినా, ఒక్కొక్క తీగను ఒక్కొక్క తీరుగా తాకుతాడని మరో ఉపమానం. ఈ ఆలోచనకు తాను నజియాంజస్ గ్రెగరీకి రుణపడ్డానని ఆయనే చెప్పుకున్నాడు. పేర్చిన జంటల విస్తృతి మాత్రం ఆయనదే.

భారతీయ శాస్త్ర పరిభాషలో దీనిని అధికారి భేదం అనవచ్చు. అయితే ఒక తేడా ఉంది. అధికారి భేదం ప్రధానంగా ఎవరు ఏది వినడానికి అర్హులన్న విషయాన్ని నిర్ణయిస్తుంది. గ్రెగరీ సూత్రంలో వినే అర్హత అందరికీ ఉంది. మారేది చెప్పే తీరు, అందుకు బాధ్యుడు వక్త. శ్రోతకు అర్థం కాకపోతే తప్పు శ్రోతది కాదు, కాపరిది.

ఈ దృష్టి ఆయన భాషాదృక్పథంలోనూ కనిపిస్తుంది. యోబు వ్యాఖ్యానాన్ని సెవిల్ బిషప్ లియాండర్‌కు అంకితం చేస్తూ రాసిన లేఖలో, దివ్యవాక్కును డొనాటస్ వ్యాకరణ సూత్రాలకు కట్టివేయడం తగదన్నాడు. విచిత్రమేమంటే ఆ మాట చెప్పిన వాక్యాలే లక్షణశుద్ధమైన, లయబద్ధమైన లాటిన్‌లో ఉన్నాయి. కాబట్టి అది వ్యాకరణం రాని వాడి మాట కాదు. మాట ఎవరి కోసమన్న ప్రశ్న వ్యాకరణం కన్నా ముందుదని చెప్పడమే దాని ఉద్దేశం. అయితే వియెన్ బిషప్ డెసిడెరియస్ వ్యాకరణం బోధిస్తున్నాడని తెలిసి 601లో ఆయన పంపిన మందలింపు ఈ దృక్పథంలోని కాఠిన్యాన్ని కూడా చూపిస్తుంది. క్రీస్తును స్తుతించే నోట జూపిటర్ స్తుతి పలకరాదన్నది అక్కడి అభ్యంతరం.

4. లేఖల్లో సూత్రం

సిద్ధాంతాన్ని గ్రంథంలో చెప్పడం వేరు, పాలనలో పాటించడం వేరు. గ్రెగరీ లేఖల విలువ ఇక్కడే ఉంది.

4.1. చిత్రాల లేఖలు: మార్సెయిల్ బిషప్ సెరెనస్ తన చర్చిల్లో జనం చిత్రాలను పూజిస్తున్నారని వాటిని పగలగొట్టాడు. గ్రెగరీ 599లోనూ 600లోనూ అతనికి రాశాడు. పూజించడాన్ని ఆపినందుకు మెచ్చుకున్నాడు, పగలగొట్టినందుకు తప్పుపట్టాడు. అక్షరం చదవగలిగినవారికి గ్రంథం చేసే పనిని, చదవలేనివారికి చిత్రం చేస్తుందన్నది ఆయన వాదం. గోడను చూసి కథ తెలుసుకునేవాడిని కూడా పాఠకుడిగానే లెక్కించడం ఇందులోని విశేషం. పాశ్చాత్య క్రైస్తవ కళకు శతాబ్దాల తరబడి సమర్థనగా నిలిచిన ఈ వాదం నిజానికి కళాసిద్ధాంతం కాదు. శ్రోతృభేద సూత్రాన్ని కంటికి వర్తింపజేయడమే.

4.2. మెల్లిటస్ లేఖ: 596లో గ్రెగరీ తన మఠంలోని అగస్టీన్‌ను సుమారు 40 మందితో ఇంగ్లండుకు పంపాడు. వాళ్లు 597లో కెంటు చేరారు. అక్కడి రాజు ఎథెల్‌బెర్ట్. రాణి బెర్తా అప్పటికే క్రైస్తవురాలు. 601 జూన్ 22 తేదీతో రాజుకు రాసిన లేఖలో విగ్రహారాధనను అణచమని, గుళ్లను కూల్చమని గ్రెగరీ ప్రోత్సహించాడు. జూలై 18 తేదీతో మెల్లిటస్‌కు పంపిన లేఖలో మాత్రం గుళ్లను కూల్చవద్దు, విగ్రహాలను మాత్రమే తీసివేయండి, కట్టడాన్ని పవిత్రజలంతో శుద్ధిచేసి వాడుకోండి అన్నాడు. ఎద్దులను బలి ఇచ్చే పండుగలను విందులుగా మార్చమన్నాడు. ఎత్తైన చోటికి ఎక్కేవాడు మెట్టుమెట్టుగా ఎక్కుతాడు, గెంతులతో కాదన్నది ఆయన హేతువు.

నెల తిరగకుండా వచ్చిన ఈ భేదాన్ని ఇద్దరు శ్రోతలకు రెండు మాటలని మాత్రమే సమర్థించడం తేలిక. కానీ ఆంగ్లేయుల విషయమై చాలాకాలం ఆలోచించి ఈ నిర్ణయానికి వచ్చానని రెండో లేఖలోనే ఆయన చెప్పుకున్నాడు. ఆర్.ఎ. మార్కస్ వంటి చరిత్రకారులు దీనిని విధానంలో వచ్చిన మార్పుగా గుర్తించారు. ఆ మార్పును తెచ్చింది మాత్రం పాత సూత్రమే. రాజును ఒప్పించే మాట పల్లె జనాన్ని ఒప్పించదని గ్రెగరీ ఆలస్యంగానైనా గ్రహించాడు.

4.3. సిసిలీ రైతులు: రోము చర్చికి సిసిలీలో విస్తారమైన భూములు ఉండేవి. 591లో అక్కడి నిర్వాహకుడైన పీటర్‌కు రాసిన దీర్ఘలేఖ ఆర్థిక చరిత్రకు అమూల్యమైన ఆధారం. రైతుల నుంచి ధాన్యం కొలిచే 'మోదియుస్' 18 సెక్స్టారియస్‌లకు మించరాదని, పెళ్లి చేసుకునే రైతు నుంచి తీసుకునే రుసుము ఒక్క సాలిడస్ దాటరాదని అందులో ఆదేశించాడు. కుంచం పెంచి కొలిచే మోసం ఏ దేశపు రైతుకైనా తెలిసినదే. పోపు దృష్టి ఆ కుంచం దాకా వెళ్లింది.

5. సూత్రానికి రెండో ముఖం

స్తుతిపూర్వక రచనలు సాధారణంగా ఇక్కడ ఆగుతాయి. లేఖలు ఆగవు.

595 సెప్టెంబరులో గ్రెగరీ రోము చర్చికి చెందిన మోంటానా, థామస్ అనే ఇద్దరు బానిసలకు విముక్తి పత్రం ఇచ్చాడు. ప్రకృతి మనుషులను స్వతంత్రులుగా పుట్టించిందని, మానవ శాసనమే వారిని బానిసత్వంలో పడవేసిందని అందులో పేర్కొన్నాడు. అదే నెలలో గాల్‌లోని చర్చి భూముల అధికారి కాండిడస్‌కు రాసిన లేఖలో, అక్కడి ఆదాయంతో 17, 18 ఏళ్ల ఆంగ్ల బాలురను కొని మఠాల్లో పెంచమన్నాడు. ఆ బాలుర భవిష్యత్తు పట్ల ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ కొనుగోలు కొనుగోలే. 'రెగులా'లో యజమానులు సేవకులతో తాము స్వభావతః సమానులమని మరవరాదని చెప్పాడు. అదే అధ్యాయంలో సేవకులు తమ స్థితి తక్కువదని మరవరాదని కూడా చెప్పాడు. సమానత్వం యజమానికి చెప్పవలసిన మాట, సేవకుడికి చెప్పకూడని మాట అయింది.

ఈ భేదం బోధ నుంచి శిక్షకు పాకిన సందర్భం సార్డీనియాది. 594లో అక్కడి బిషప్ జనువారియస్‌కు రాస్తూ, మతం మారని చర్చి రైతుల మీద దారికి వచ్చేంతగా శిస్తు భారం మోపమన్నాడు. 599లో అదే బిషప్‌కు మరో లేఖలో, విగ్రహారాధన మానని వాళ్లు బానిసలైతే కొట్టించమని, స్వతంత్రులైతే నిర్బంధించమని ఆదేశించాడు. మనిషి స్థితిని బట్టి మాట మారాలన్న సూత్రం ఇక్కడ మనిషి స్థితిని బట్టి దెబ్బ మారాలన్న సూత్రమైంది. సిసిలీ రైతు కొలత తగ్గించిన కలమే సార్డీనియా రైతు శిస్తు పెంచింది.

యూదుల పట్ల ఆయన వైఖరిలోనూ ఇదే ద్వంద్వం ఉంది. మార్సెయిల్, ఆర్లెస్‌లలో బలవంతపు బాప్తిస్మాలు జరుగుతున్నాయని తెలిసి 591లో వాటిని ఖండించాడు. పాలెర్మోలో బిషప్ ఆక్రమించిన ప్రార్థనామందిరాలకు 598లో పరిహారం ఇప్పించాడు. అదే సమయంలో, మతం మారే యూదు కౌలుదారులకు శిస్తు తగ్గించమని సిసిలీకి రాశాడు. కొరడా స్థానంలో తాయిలం వచ్చింది, లక్ష్యం మారలేదు.

602 నవంబరులో ఫోకాస్ మారిస్ చక్రవర్తిని, అతని కుమారులను చంపి సింహాసనం ఎక్కాడు. 603లో గ్రెగరీ అతనికి హర్షం వెలిబుచ్చుతూ లేఖ రాశాడు. లంగోబార్దుల ముప్పు ఎదుర్కొంటున్న నగరానికి చక్రవర్తి సహాయం అవసరమన్నది నిజం. కానీ కాన్‌స్టాంటినోపుల్ పీఠాధిపతి యోహాను 'సార్వత్రిక' బిరుదు వాడినప్పుడు నిర్భయంగా ఖండించి, తాను 'దేవుని సేవకులకు సేవకుడు' అన్న పేరును వాడుకున్న వ్యక్తి కలం నుంచి ఈ లేఖ వచ్చింది. శ్రోతకు తగినట్టు మాట్లాడటానికి, శ్రోతకు నచ్చినట్టు మాట్లాడటానికి మధ్య గీత ఇక్కడ చెరిగిపోయింది.

6. కథగా మారిన గ్రెగరీ

గ్రెగరీకి తొలి జీవితచరిత్ర రోములో పుట్టలేదు. 8వ శతాబ్దం తొలి దశకాల్లో ఇంగ్లండులోని విట్బీ మఠంలో, పేరు తెలియని రచయిత చేతిలో పుట్టింది. తమకు మతం పంపిన తండ్రిని ఆంగ్లేయులు ముందుగా స్మరించుకున్నారు. 731లో పూర్తయిన బీడ్ చరిత్రలోనూ, విట్బీ చరిత్రలోనూ ఆంగ్ల బాలురను చూసి గ్రెగరీ 'ఆంగ్లి', 'ఆంజెలి' పదాలతో శ్లేష పలికిన కథ ఉంది. బీడ్ కథనంలో ఆ బాలురు సంతలో అమ్మకానికి ఉన్నారు. పూర్వికుల నుంచి వచ్చిన కథగానే ఆయన దానిని జాగ్రత్తగా చెప్పాడు. కాండిడస్ లేఖను దీని పక్కన పెడితే తేడా స్పష్టం. లేఖలో గ్రెగరీ కొనుగోలుదారు, కథలో కరుణామయుడైన ప్రేక్షకుడు. వాస్తవంలోని ఇబ్బందికరమైన అంశాన్ని కథ శ్లేషలో కరిగించేసింది.

8వ శతాబ్దం చివర పాల్ డీకన్, 870ల్లో ఎనిమిదో జాన్ పోపు కోరిక మీద జాన్ డీకన్ చరిత్రలు రాశారు. లాటెరన్ భాండాగారంలోని లేఖలను వాడుకున్న జాన్ డీకన్ రచన పరిశోధన దృష్ట్యా విలువైనది. గానసంకలనాన్ని గ్రెగరీకి ఆపాదించి ప్రచారంలోకి తెచ్చిన ప్రధాన ఆకరం కూడా అదే. నేటి సంగీత చరిత్రకారుల అభిప్రాయంలో ఆ గానసంపద 8, 9 శతాబ్దాల్లో రోము, ఫ్రాంకు సంప్రదాయాల కలయికతో ఏర్పడింది. గ్రెగరీ పేరు దానికి ప్రామాణ్యాన్ని ఇచ్చింది. 595 రోము సభలో ఆయన తీసుకున్న నిర్ణయం ఈ కీర్తికి విడ్డూరమైన నేపథ్యం: డీకన్లు మంచి గొంతు కోసం చూసుకుంటూ బోధను, అన్నదానాన్ని నిర్లక్ష్యం చేస్తున్నారని వాళ్లను గాయకులుగా నియమించే ఆచారాన్ని నిషేధించాడు.

ఈ ఆపాదనకు ఎదురుదిశలోనూ ఒక ప్రయత్నం జరిగింది. అద్భుతకథలతో నిండిన 'డయలాగ్స్' గ్రెగరీ రచన కాదని 1987లో ఫ్రాన్సిస్ క్లార్క్ వాదించాడు. లోతైన వ్యాఖ్యాత ఇంత సరళమైన కథలు చెప్పి ఉండడన్న భావన ఆ అనుమానం వెనుక ఉన్న కారణాల్లో ఒకటి. పండితుల్లో అధికులు దానిని అంగీకరించలేదు. 'రెగులా' మూడో భాగాన్ని చదివినవారికి ఈ సరళత అనుమానాస్పదం అనిపించదు. శ్రోతకు తగిన మాట వెతికినవాడే పీటర్ అనే డీకన్‌తో సంభాషణగా బెనెడిక్టు కథ చెప్పాడు. జాకరియాస్ పోపు 8వ శతాబ్దంలో దీనిని గ్రీకులోకి అనువదించాడు. గ్రీకు నేర్చుకోని గ్రెగరీకి తూర్పు చర్చిలో 'డయలాగ్స్ గ్రెగరీ' అనే పేరు స్థిరపడింది.

7. ఒక ప్రసంగం, ఒక స్త్రీ

గ్రెగరీ వారసత్వంలో దీర్ఘకాలం నిలిచిన నష్టం ఆయన 33వ సువార్త ప్రసంగంలో ఉంది. లూకా సువార్త 7వ అధ్యాయంలో యేసు పాదాలను కన్నీటితో తడిపిన పాపాత్మురాలికి పేరు లేదు. 8వ అధ్యాయంలో ఏడు దయ్యాలు వదిలిన మగ్దలేన మరియ వేరుగా వస్తుంది. యోహాను సువార్తలో లాజరు సోదరి బెతనియ మరియ ఉంది. ఈ ముగ్గురూ ఒక్కరేనని గ్రెగరీ ఆ ప్రసంగంలో చెప్పాడు. ఏడు దయ్యాలను సమస్త దుర్గుణాలుగా వ్యాఖ్యానించాడు. కన్నులు, కురులు, పెదవులు, పరిమళం: పాపానికి వాడిన ప్రతిదాన్నీ ఆమె పశ్చాత్తాపానికి అర్పించిందని వర్ణించాడు.

ప్లేగు, యుద్ధం చుట్టుముట్టిన నగరంలో, నిరాశలో ఉన్న పాపికి ఆశ కలిగించడం ఆ ప్రసంగ లక్ష్యం. శ్రోతకు అది తగిన మాటే. కానీ ఆ మాట కోసం మూలంలోని స్త్రీ మారిపోయింది. పునరుత్థాన వార్తను ముందుగా మోసుకొచ్చిన సాక్షి, పాశ్చాత్య ఊహలో జుట్టు విరబోసుకున్న వేశ్యగా స్థిరపడింది. తూర్పు చర్చి ఈ ఏకీకరణను అంగీకరించలేదు. రోము చర్చి 1969 పంచాంగ సవరణలో దీనిని విడిచిపెట్టింది. అంటే దాదాపు పద్నాలుగు శతాబ్దాలు పట్టింది. వినేవాడికి న్యాయం చేయబోయి, ఎవరిని గురించి చెబుతున్నారో ఆ మనిషికి అన్యాయం చేయవచ్చునని దీనికన్నా బలంగా చెప్పే ఉదాహరణ అరుదు.

8. ముగింపు

9వ శతాబ్దం చివర ఆల్ఫ్రెడ్ రాజు 'రెగులా పాస్టొరాలిస్'ను పాత ఇంగ్లీషులోకి అనువదింపజేసి, తన రాజ్యంలోని ప్రతి బిషప్ పీఠానికి ఒక ప్రతి పంపాలని సంకల్పించాడు. వూస్టర్‌కు పంపిన ప్రతి నేటికీ ఆక్స్‌ఫర్డులో ఉంది. లాటిన్ చదివేవాళ్లు తగ్గిపోయిన చోట వాడుకభాషలోకి పుస్తకాన్ని తేవడం ఆ గ్రంథపు మూడో భాగానికి ఎవరూ చేయని వ్యాఖ్యానం. గ్రెగరీ వారసత్వం పావురం వాలిన భుజంలో కన్నా ఇక్కడ ఎక్కువ స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. గ్రెగరీ గ్రంథాలను, లేఖలను, కథలను కలిపే సూత్రం శ్రోతృభేదం. చిత్రాల లేఖ, మెల్లిటస్ లేఖ, 'డయలాగ్స్' సరళత అందులోంచి వచ్చినవే.

2. ఆ సూత్రం వక్త మీద బాధ్యతగా ఉన్నంతవరకు ఉదారమైనది. వక్త చేతిలో అధికారం కూడా ఉన్నప్పుడు అది సామాజిక అంతరాలను స్థిరపరిచే సాధనమైంది. బానిసకు కొరడా, స్వతంత్రుడికి చెర అన్న ఆదేశం దీనికి సాక్ష్యం.

3. మరణానంతర చరిత్రలు ఆయనకు లేని కీర్తిని చేర్చడమే కాక, ఆయన మీద వేయవలసిన ప్రశ్నలను కూడా తొలగించాయి. ఆంగ్ల బాలుర కథ అందుకు నిదర్శనం.

4. 'ఎవరికి చెబుతున్నాం' అన్న ప్రశ్నతో పాటు 'ఎవరిని గురించి చెబుతున్నాం' అన్న ప్రశ్న కూడా ప్రతి బోధనలోనూ ఉండాలి. మగ్దలేన మరియ ప్రసంగం రెండో ప్రశ్నను విస్మరించింది.

గ్రెగరీని 'మహా' అనడానికి ఆయన లేఖలే చాలు. ఆ మాటను ఆచితూచి అనడానికి కారణాలు కూడా ఆ లేఖల్లోనే ఉన్నాయి.